వాడకం తగ్గిన చోట అవసరం తగ్గిందా?

ఒక ప్రాంతంలో ఆసుపత్రికి వెళ్ళేవాళ్ళు ఎక్కువగా, పక్క ప్రాంతంలో అందులో సగం మందే ఉంటే, ఆ రెండో చోట జనం ఆరోగ్యంగా ఉన్నారనిపిస్తుంది. ప్రభుత్వాలు చాలాకాలం ఈ లెక్కనే నమ్మాయి. నిరుడు ఎంతమంది వచ్చారో, ఎంత ఖర్చయిందో చూసి ఈ ఏడాది నిధులు కేటాయించాయి. వైద్యసేవల్లో ప్రాంతీయ అసమానతలు తరాల తరబడి గట్టిపడటానికి ఈ అలవాటు పెద్ద కారణమని నా అభిప్రాయం.

ఇది తప్పుడు లెక్కని చెప్పే ఆధారం చాలా పాతది. 1850లో అమెరికాలోని మసాచుసెట్స్‌కు చెందిన వైద్యుడు ఎడ్వర్డ్ జార్విస్ మానసిక వైద్యశాలల లెక్కలు తీశాడు. దగ్గరి ఊళ్ళ నుంచి జనాభాతో పోలిస్తే ఎక్కువమంది రోగులు చేరుతున్నారు. దూరం పెరిగేకొద్దీ ఆ సంఖ్య పడిపోతోంది. దూరపు ఊళ్ళలో జబ్బు తక్కువేమీ కాదు, చికిత్స దాకా చేరినవాళ్ళే తక్కువ.

పిల్లల టీకాలైతే చాలా దేశాల్లో ఆరోగ్య కార్యకర్తలే ఊరూరా తిరిగి వేస్తారు. పెద్దవాళ్ళు మాత్రం తామే కదిలి వెళ్ళాలి. బీపీ ఉన్న మనిషినే తీసుకోండి. నొప్పి ఉండదు, జ్వరం ఉండదు. మాత్రలు అయిపోతాయి. మళ్ళీ చూపించుకోవాలంటే ఒక రోజు పని మానుకోవాలి, బండి దొరకాలి, ఇంట్లో ముసలివాళ్ళను ఎవరికైనా అప్పగించాలి. డాక్టరు వీధి చివర ఉంటే వెళ్తాడు. మూడు గంటల ప్రయాణమైతే వచ్చే నెల చూద్దామనుకుంటాడు. ఆ వచ్చే నెల పక్షవాతంతో అంబులెన్సులో వెళ్తే, రికార్డుల్లో అతని పేరు కనిపించేది అప్పుడే.

బ్రిటన్‌లో 1948లో జాతీయ ఆరోగ్య సేవ మొదలయ్యాక చికిత్సకు డబ్బు అడ్డంకి చాలావరకు తొలగిపోయింది. ఊరు మాత్రం అడ్డంకిగానే మిగిలింది. వేల్స్‌లోని గ్లింకోరుగ్ అనే గని కార్మికుల ఊళ్ళో పనిచేసిన డాక్టర్ జూలియన్ ట్యూడర్ హార్ట్, మంచి వైద్యం ఎక్కడ ఎక్కువ అవసరమో అక్కడే తక్కువ దొరుకుతోందని 1971లో లాన్సెట్ పత్రికలో రాశాడు. వైద్యాన్ని మార్కెట్‌కు వదిలేసిన చోట ఈ ధోరణి మరింత బలంగా ఉంటుందని కూడా అన్నాడు. 1976లో ఒక ప్రభుత్వ కార్యబృందం ఇంగ్లండ్‌లో పాత ఖర్చును బట్టి నిధులిచ్చే పద్ధతిని మార్చమంది. జనాభా, వయసు, మరణాల రేటు చూసి పంచమంది. దాంతో లండన్ ప్రాంతాల వాటా తగ్గి, ఉత్తరాది ప్రాంతాల వాటా పెరగాల్సి వచ్చింది.

వాడకం ఎక్కువున్న చోటును ఆదర్శంగా తీసుకోవడమూ కుదరదు. 1973లో జాన్ వెన్‌బర్గ్, అలన్ గిటెల్‌సన్ అనే పరిశోధకులు అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో ఇరుగుపొరుగు ప్రాంతాలను పోల్చారు. టాన్సిల్ ఆపరేషన్లు ఒకచోట పది వేల మందికి 13 ఉంటే, మరోచోట 151 ఉన్నాయి. గర్భసంచి తొలగింపులోనూ తేడాలు తేలాయి. జబ్బుల తేడాతో వీటిని వివరించలేం. ఎంతమంది డాక్టర్లున్నారు, వాళ్ళ పద్ధతులేమిటి అన్నవే చాలావరకు నిర్ణయించాయి.

మరి జనాన్నే అడిగితే? సర్వేలు ఆ పనే చేస్తాయి. అమర్త్యసేన్ 2002లో వాటిలోని చిక్కును ఎత్తిచూపాడు. ఆయుర్దాయం ఎక్కువగా ఉన్న కేరళలో తమకు జబ్బుందని చెప్పేవాళ్ళు ఎక్కువ, ఆయుర్దాయం బాగా తక్కువున్న బిహార్‌లో తక్కువ. డాక్టరును ఎన్నడూ చూడని మనిషికి తన షుగరు సంగతి తెలిసే దారేది? సేవలు లేని చోట జబ్బుకు పేరు కూడా ఉండదు. ఈ ఒక్క పోలిక తెలిశాక ఏ సర్వే పట్టికనైనా నేను అనుమానంగానే చూస్తాను.

థాయ్‌లాండ్ 2002లో అందరికీ వైద్య భరోసా ప్రకటించేనాటికి అక్కడ జిల్లా స్థాయి ఆసుపత్రులు చాలావరకు వచ్చేశాయి, కొత్త డాక్టర్లకు గ్రామీణ సేవ తప్పనిసరి అయింది. వెళ్ళడానికో చోటు ముందే ఉంది కాబట్టే ఆ భరోసాకు విలువ వచ్చింది.

ఇంగ్లండ్ 1990ల మధ్యలో మళ్ళీ వాడకం లెక్కల ఆధారంగానే అవసరాన్ని అంచనా వేసే సూత్రానికి వచ్చింది. ఆసుపత్రులు ఎంత అందుబాటులో ఉన్నాయన్న తేడాను అందులో సవరించారు. అయినా గడప తొక్కని రోగులు లెక్కకు అందలేదు. అందుకే తర్వాతి కాలంలో అకాల మరణాలు ఎక్కువున్న ప్రాంతాల కోసం నిధుల్లో కొంత భాగాన్ని విడిగా కేటాయించడం మొదలుపెట్టారు.