మాత్రల లెక్క, పురుగుల లెక్క

ఆంధ్రప్రదేశ్‌లో 2016లో జరిగిన సర్వేలో 36 శాతం పిల్లల కడుపులో నులిపురుగులు ఉన్నట్టు తేలింది. ఆ తర్వాత బళ్లలో, అంగన్‌వాడీల్లో మాత్రలు పంచారు. 2019లో మళ్లీ చూస్తే 34.3 శాతం. ఛత్తీస్‌గఢ్‌లో మాత్రం 2016లో 74.6 ఉన్నది 2018కల్లా 13.9కి పడిపోయింది. రెండుచోట్లా మాత్ర ఒకటే, ఆల్బెండజోల్. మరి ఇంత తేడా ఎక్కడ వచ్చింది? కేంద్ర ఆరోగ్యశాఖ ఈ అంకెలు బయటపెట్టింది కాబట్టి కనీసం ఈ ప్రశ్నైనా అడగగలుగుతున్నాం.

ముందు మాత్రలు ఎలా లెక్కపెడతారో చూద్దాం. 2015 ఫిబ్రవరిలో మొదలైన జాతీయ నులిపురుగుల నివారణ దినోత్సవం ఏడాది నుంచి 19 ఏళ్ల లోపు వాళ్లందరికీ. మాత్ర వేసుకున్న పిల్లాడి పేరు పక్కన టీచర్ హాజరుపట్టీలో ఒక టిక్ పెడతారు. ఆ రోజు రానివాళ్లకు కొద్దిరోజుల తర్వాత మాప్-అప్ డే నాడు వేసి రెండు టిక్కులు పెడతారు. బడికి వెళ్లని పిల్లల్ని ఆశా వర్కర్లు అంగన్‌వాడీకి తీసుకొస్తారు. ఈ టిక్కుల మొత్తాన్ని ఊరి ఆరోగ్య కార్యకర్త ఏఎన్‌ఎం పైకి పంపితే, అది జిల్లా మీదుగా రాష్ట్రానికి చేరుతుంది. కనీసం 75 శాతం పిల్లలకు మాత్ర అందాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన గీత. అది దాటామని చెప్పాలన్న టెన్షన్ కింది నుంచి పై దాకా అందరికీ ఉంటుంది. పైగా ఊళ్లో అసలు ఎంతమంది పిల్లలున్నారో పాత జాబితా చూసి రాస్తే, కవరేజీ నూటికి నూరు కూడా దాటేస్తుంది! అందుకే తర్వాత బయటివాళ్లు కొన్ని బళ్లకు వెళ్లి, పైకి పంపిన అంకెకూ పట్టీలోని టిక్కులకూ పొంతన ఉందో లేదో చూస్తారు, పిల్లల్నే అడుగుతారు. నా దృష్టిలో మొత్తం కార్యక్రమంలో విలువైన పని ఇదే. దీని గురించి పేపర్లో ఒక్క ముక్కా రాదు.

పురుగుల్ని లెక్కపెట్టడం ఇంకా కష్టం, కాస్త ముక్కు మూసుకుని చేయాల్సిన పని కూడా. పిల్లల మలాన్ని జల్లెడ పట్టి, చిన్న రంధ్రమున్న అచ్చులో 41.7 మిల్లీగ్రాములు నింపి, గాజుపలక మీద పరిచి, మైక్రోస్కోపు కింద గుడ్లు లెక్కపెడతారు. వచ్చిన అంకెను 24తో గుణిస్తే గ్రాముకు ఎన్ని గుడ్లో తెలుస్తుంది. ఆలస్యం చేస్తే కొంకిపురుగు (హుక్‌వర్మ్) అనే రకం గుడ్లు కరిగి కనపడకుండా పోతాయి. దాంతో పురుగులు తగ్గినట్టు కాగితం మీద కనిపిస్తుంది, కడుపులో మాత్రం అలాగే ఉంటాయి.

ఇంత కష్టపడి లెక్కించాక చివరికి ఒక్క శాతమే మిగిలితే చాలా సంగతులు మరుగున పడతాయి. నులిపురుగుల్లో మరో రకమైన ఏలికపాము (రౌండ్‌వర్మ్) ఆడదైతే రోజుకు దాదాపు రెండు లక్షల గుడ్లు పెడుతుంది. గ్రాముకు 5,000 లోపు గుడ్లుంటే తేలికపాటి ఇన్ఫెక్షన్, 50,000 చేరితే తీవ్రం. శాతం లెక్కలో ఇద్దరు పిల్లలూ ఒకటే. 36 నుంచి 34.3కి తగ్గడం వెనక తీవ్రమైన కేసులు బాగా తగ్గి ఉండొచ్చు, తగ్గకపోయి ఉండొచ్చు. ఏ పురుగన్నదీ ముఖ్యమే. ఒక డోసు ఆల్బెండజోల్‌తో ఏలికపాములు నూటికి 95 మందిలో పోతాయి, కొరడా పురుగు (విప్‌వర్మ్) మాత్రం 30 మందిలోనే. దానికితోడు ఆరుబయట మలవిసర్జన ఆగని చోట మట్టిలోంచి గుడ్లు మళ్లీ కడుపులోకి చేరతాయి. ఆంధ్ర అంకెను అర్థం చేసుకోవాలంటే వీటిని విడదీసి చూడాలి.

లెక్కలు పంచుకుంటే ఏమవుతుందో కెన్యా చూపించింది. బుసియా ప్రాంతంలోని 75 బళ్లలో నులిపురుగుల మందు ఇస్తే గైర్హాజరు పావు వంతు తగ్గిందని ఆర్థికవేత్తలు ఎడ్వర్డ్ మిగెల్, మైకేల్ క్రెమర్ 2004లో ప్రచురించారు. తర్వాత తమ డేటానంతా వేరే పరిశోధకులకు ఇచ్చారు. వాళ్లు మళ్లీ లెక్కగట్టి, చుట్టుపక్కల బళ్లకూ మేలు జరిగిందన్న భాగంలో పొరపాట్లున్నాయని 2015లో రాశారు. పెద్ద గొడవే అయింది. అయినా పొరపాటు ఎక్కడుందో అందరికీ తెలిసింది, క్రెమర్‌కు 2019లో నోబెల్ కూడా వచ్చింది.

మన దగ్గర ఉత్తరప్రదేశ్‌లో దాదాపు పది లక్షల మంది చిన్నపిల్లలతో జరిగిన పెద్ద అధ్యయనం కథ వేరు. అది 2004లో పూర్తయింది. మరణాల్లో గానీ ఎదుగుదలలో గానీ నులిపురుగుల మందు వల్ల చెప్పుకోదగ్గ తేడా కనపడలేదన్న ఫలితం 2013లో అచ్చయింది. మధ్యలో తొమ్మిదేళ్లు. అప్పుడు మందు వేసుకున్న పిల్లల్లో చాలామంది ఆలోగా హైస్కూలుకు వచ్చేశారు.