డ్రోన్ దానంతటదే తిరుగుతుంటే ఆ అక్క ఎందుకు?

చి. బుజ్జికి, చి. చిన్నాకి బెజవాడ పటమట నుంచి తాతయ్య ఆశీస్సులు.

మేమిద్దరం క్షేమం. అమ్మమ్మ మోకాళ్లు ఎప్పటిలాగే ఉన్నాయి, నోరూ ఎప్పటిలాగే ఉంది.

మొన్న ఫోన్లో చిన్నా అడిగినదానికి ఉత్తరం రాస్తానన్నాను కదా, ఇదిగో. మీ మిరప చేలో మందు కొట్టడానికి డ్రోన్ వచ్చిందట. డ్వాక్రా సంఘం అక్క ఒకామె రిమోట్ పట్టుకుని గట్టు మీద నిలబడిందట. అవతలి గట్టు చివర ఇంకో కుర్రాడు మెడ ఎత్తి పైకి చూస్తూ నిలబడ్డాడట. డ్రోనేమో సాలు వెంట సాలు దానంతటదే తిరిగి, అయ్యాక వచ్చి దిగిందట. "అన్నీ అదే చేసుకుంటుంటే వాళ్లిద్దరికీ డబ్బులెందుకు తాతయ్యా?" అన్నాడు చిన్నా. మీ నాన్న నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. పెద్ద పెద్దవాళ్లు కూడా ఇదే అనుమానంతో బేరాలాడుతుంటారు.

గాలి ఎలా మోస్తుంది, మోటారు ఎలా తిరుగుతుంది అనేవి మీ సైన్సు మాస్టారిని అడగండి. నాకు తెలిసింది లారీ. లారీ పట్టుకునే చెబుతాను. మీకు విసుగొచ్చినా దిగనివ్వను.

మా నాన్న లారీ డ్రైవరు. గుంటూరు మిర్చి బస్తాలెత్తుకుని కలకత్తా దాకా పోయేవాడు. అప్పటికి లారీలు బాగుచేసే మా ఆటోనగర్ ఇప్పుడున్నంత లేదు. ఒక వేసవి సెలవుల్లో మా అమ్మ వద్దంటున్నా నన్ను క్యాబిన్లో కూర్చోబెట్టుకున్నాడు. టార్పాలిన్ ఎంత బిగించి కట్టినా ఆ ఘాటు లోపలికొచ్చేది. బరంపురం దాటేదాకా తుమ్ములే తుమ్ములు. ఆ ప్రయాణంలో నేను మా నాన్నకంటే ఎక్కువగా చూసింది క్లీనర్‌ని. లారీ టీకి ఆగిందంటే అందరూ బెంచీ మీద కూలబడేవాళ్లు, అతను మాత్రం జాకీ రాడ్డు తీసుకుని దిగేవాడు. ఒక్కో టైరు మీద రాడ్డుతో ఒక దెబ్బ వేసి చెవి వంచి వినేవాడు. వెనక చక్రాలు జంటలు జంటలుగా ఉంటాయి చూశారా? లోపలి టైరులో గాలి పోయినా బయటది బరువు మోస్తూనే ఉంటుంది, కంటికేమీ తెలియదు. చప్పుడే చెప్పాలి. ఠంగుమంటే గాలి ఉన్నట్టు, దబ్బుమంటే లేనట్టు. నేనూ ఒక రాడ్డు అడిగి పుచ్చుకుని కొట్టాను. నాకు అన్నీ ఒకలాగే వినిపించాయి.

లారీని వెనక్కి తియ్యాలంటే మళ్లీ అతనే. వెనక్కి వెళ్లి బాడీ మీద అరచేత్తో తడుతూ "రానీ... రానీ... రానీ..." అనేవాడు. "ఆప్!" అన్నాడంటే మా నాన్న కాలు బ్రేకు మీద పడిపోయేది. ఎందుకని అడిగేవాడు కాడు. ఎందుకో తెలుసుకునేలోగా వెనక గోడ వచ్చేస్తుంది.

ఇప్పుడు మీ చేలోకి రండి. అవతలి గట్టు మీద మెడ నొప్పెట్టేలా నిలబడ్డ కుర్రాడు ఆ క్లీనరే. అక్క నిలబడ్డ చోటి నుంచి చేను చివర డ్రోన్ కనబడుతుంది గానీ, అది వేపచెట్టుకి ఇవతల ఉందా అవతల ఉందా అన్నది కంటికి ఆనదు. ఈ గట్టు మీద నిలబడి, దూరంగా ఎగురుతున్న కాకి కరెంటు తీగకి ముందుందో వెనకుందో చెప్పడానికి ప్రయత్నించండి, తెలుస్తుంది. బోరు మోటారుకు వచ్చే తీగ సన్నగా ఉంటుంది, రిమోట్ మీది తెరలో అసలు కనిపించకపోవచ్చు. దాని పక్కనే నిలబడ్డవాడికి కనిపిస్తుంది. వాడు "ఆపక్కా" అంటే అక్క ఆపాలి, అంతే. కంటికి కనబడే దూరం దాటించకుండా నడపడమన్నది ఈ పనిలో మొదటి పాఠం. ఆ కన్ను ఒకళ్లది చాలదు కాబట్టి ఇద్దరు.

ఇక అక్క సంగతి. డ్రోన్ లేవకముందు ఆమె ఏం చేసిందో చిన్నా చెప్పలేదు, చూసి ఉండడు. ఒక్కో రెక్కనీ చేత్తో మెల్లిగా తిప్పి, అంచు మీద గోరు పెట్టి చివరిదాకా లాగి ఉంటుంది. వెంట్రుకంత చీలిక ఉన్నా గోరు తగులుకుంటుంది. బ్యాటరీ పొట్ట ఉబ్బిందేమో చూసి ఉంటుంది. ఉబ్బిన బ్యాటరీ ఎంత ఖరీదు పెట్టి కొన్నదైనా పక్కన పడెయ్యాల్సిందే, అది అంటుకుందంటే ఆర్పడం కష్టం. తెర మీద, డ్రోన్ ఎక్కడుందో దానికి చెప్పే ఉపగ్రహాలు సరిపడా దొరికాయా, గాలి ఎటు వీస్తోంది అనేవి చూసుకుని, గాలికి వీపు పెట్టి నిలబడి ఉంటుంది. క్లీనర్ రాడ్డు దెబ్బలే ఇవన్నీ. చూసేవాళ్లకి ఆలస్యంలా ఉంటుంది.

లారీకి లైసెన్సు కావాలి, దీనికీ కావాలి. మన దేశంలో 2021లో డ్రోన్ రూల్స్ వచ్చాయి. 250 గ్రాముల లోపు బుల్లి డ్రోన్లకి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. మందు కొట్టేవి చాలావరకు 2 కిలోలు దాటి 25 కిలోల లోపుండే తరగతిలోకి వస్తాయి, వాటికి తప్పనిసరి. పదో తరగతి పాసై, వయసు 18కి తక్కువ కాకుండా 65కి మించకుండా ఉండాలి. అంటే మీకింకా రాలేదు, నాకు దాటిపోయింది. పౌర విమానయాన డైరెక్టరేట్, డీజీసీఏ అంటారే, వాళ్ల అనుమతి ఉన్న శిక్షణ సంస్థలోనే నేర్చుకోవాలి. నమో డ్రోన్ దీదీ పథకం కింద మహిళా సంఘాల వాళ్లకి 15 రోజుల శిక్షణ పెట్టారు. అందులో నడపడం నేర్పేది 5 రోజులే. మిగతా 10 రోజులూ పొలంలో పని, మందులు, ఎరువులు. లారీ నడపడం ఎవడైనా నేర్చుకుంటాడు, లోడుతో నడపడమే నేర్చుకోవాలని మా నాన్న అనేవాడు.

ఆ అక్క వెనక మీకు కనబడనివాళ్లు చాలామంది ఉన్నారు. ఆటోనగర్లో ఒక లారీ వెనక కమాన్లవాడు, వెల్డింగువాడు, ఎలక్ట్రీషియన్, పెయింటరు ఉన్నట్టే. డ్రోన్ తయారుచేసిన ఇంజినీర్లు ఆ మోడల్‌ని పరీక్షలకిచ్చి, అది సరిగ్గా ఉందని చెప్పే టైప్ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. ఆ పరీక్ష చేసేవాళ్లు వేరే. ప్రతి డ్రోన్‌కీ ఒక నంబరుంటుంది, అది నంబరు ప్లేటు అనుకోండి. ఇన్సూరెన్సు మాట వింటే నాకు మీసం మెలేయాలనిపించింది. డ్రోన్ వల్ల ఎదుటివాళ్లకి నష్టం జరిగితే కట్టే థర్డ్ పార్టీ ఇన్సూరెన్సుకి మోటారు వాహనాల చట్టాన్నే వర్తింపజేశారు. చూశారా, సర్కారు కూడా నా లారీనే పట్టుకుంది!

చెక్‌పోస్టు కూడా ఉంది. డిజిటల్ స్కై అని సర్కారు పెట్టిన మ్యాపులో ఆకాశానికి మూడు రంగులు వేశారు. ఆకుపచ్చ చోట 400 అడుగుల దాకా అనుమతి అడగక్కర్లేదు. విమానాశ్రయం ప్రహరీ నుంచి 5 నుంచి 8 కిలోమీటర్ల మధ్య పసుపు, అక్కడ విమానాల రాకపోకలు చూసేవాళ్ల అనుమతి కావాలి. 8 నుంచి 12 మధ్య అనుమతి అడగకుండా 200 అడుగుల దాకానే. ఎరుపులో సర్కారు అనుమతి లేకుండా లేపకూడదు. అందుకే మీ ఊళ్లో హాయిగా ఎగిరిన డ్రోన్‌ని గన్నవరం విమానాశ్రయం పక్కనున్న కేసరపల్లిలో పెళ్లి వీడియో కోసం లేపుతానంటే కుదరదు. పైన విమానం దిగుతుంటుంది, అందులో మీ మామయ్యే ఉండొచ్చు.

ఒక్కచోట మాత్రం లారీ నాకు మొరాయిస్తోంది. డీజిలైపోతే లారీని రోడ్డు పక్కకి తీసి ఆపుకోవచ్చు. డ్రోన్‌కి పక్కన మార్జిన్ లేదు. నిండు ట్యాంకుతో ఆ బ్యాటరీ పది పదిహేను నిమిషాలకి మించి రాదు. అందుకని బ్యాటరీ తగ్గినా, రిమోట్‌తో మాట తెగినా లేచిన చోటికే తిరిగి రమ్మని ప్రోగ్రాం రాసి పెడతారు. రావడమైతే వస్తుంది, దారిలో కొబ్బరిచెట్టుంటే? ఏ ఎత్తులో తిరిగి రావాలో లేవకముందే పెట్టేది పైలట్. చుట్టూ ఉన్నవాటిలో ఎత్తయిన చెట్టేదో చూసి, దానికి పైన పెట్టాలి. చిన్నా, నువ్వు "దానంతటదే వచ్చి దిగింది" అన్నావే, అలా దిగిందంటే ముందే చెట్టు వంక చూసినవాళ్లున్నారు. ఏమీ జరగని రోజున పనివాళ్లకి డబ్బు దండగ అనిపిస్తుంది మనుషులకి. జరగనివ్వకపోవడానికే కదా ఆ డబ్బు.

2024 సెప్టెంబరు ఒకటిన బుడమేరు వాగు పొంగి ఇక్కడి సింగ్ నగర్ మునిగినప్పుడు డ్రోన్లతో అన్నం పొట్లాలు, నీళ్ల సీసాలు, మందులు పంపారు. పడవ పోలేని సందులు అవి. పక్కపక్కనే డాబాలు, వాటి మీద కేబుల్ టీవీ తీగలు, ఆకలితో చేతులు పైకి చాచిన జనం. చేలో అయితే వేపచెట్టు ఒక్కటే గండం, అక్కడ అంగుళానికొకటి. ఆ రెక్కలు తిరుగుతున్నప్పుడు చెయ్యి తగిలితే వేళ్లు మిగలవు. పొట్లం అందేంత కిందికి దించాలి, చెయ్యి అందనంత పైన ఆపాలి. ఆ రోజుల్లో రిమోట్ పట్టుకున్న కుర్రాళ్లకి నేను చేతులెత్తి దణ్ణం పెడతాను.

అదే ఏడు అక్టోబరు 22న పున్నమి ఘాట్ దగ్గర కృష్ణ మీద దాదాపు 5,500 డ్రోన్లు ఒకేసారి లేపారు. గిన్నిస్ వాళ్లు రికార్డులు కూడా ఇచ్చారు. అమ్మమ్మా నేనూ జనంలో నిలబడి చూశాం. చుక్కలన్నీ కదిలి బొమ్మలు కట్టాయి, చెదిరాయి, ఇంకో బొమ్మ అయ్యాయి. ఒక్కటీ ఇంకోదాన్ని తాకలేదు. బెంజి సర్కిల్లో అయిదువేల లారీలు వదిలితే ఏమవుతుందో ఆలోచించబోయి మానేశాను. ఒక్కోదానికి ఒక్కో పైలట్ లేడట, కంప్యూటర్‌లో ముందే రాసిన దారి వెంట అన్నీ పోతాయట. అంతవరకే నాకు అర్థమైంది. మిగతాది నోరు తెరుచుకుని చూశాను, చెప్పలేను.

ఇక మీకు పని. డ్రోన్ మళ్లీ వచ్చినప్పుడు గాలి మీ వీపు వైపు నుంచి వీచేలా, దూరంగా నిలబడండి. ఎదురుగా వద్దు. చేత్తో కొడితే ఎకరానికి 150, 200 లీటర్ల నీళ్లలో కలిపే మందు, దీంట్లో పది లీటర్ల దగ్గరే సరిపెడతారు. అంత చిక్కటిది మీద పడకూడదు. డ్రోన్ దిగి, బ్యాటరీ తీసేశానని అక్క నోటితో చెప్పాకే దగ్గరికి వెళ్లండి. నాలుగో ఆరో రెక్కలుంటాయి. అన్నీ ఒకలా ఉన్నాయనిపిస్తుంది, ఉండవు. పక్కపక్క రెక్కల వాలు చూడండి, ఒకటి ఇటు, ఒకటి అటు. అలా ఎందుకు పెట్టారో అక్కని అడగండి. చెబుతుంది, అడిగినవాళ్లంటే పనివాళ్లకి ఇష్టం. తిరిగే వైపుకి బాణాలు వేసి బుజ్జి బొమ్మ గీయాలి, చిన్నా దాని కింద రాయాలి, అక్షరాలు గుండ్రంగా. ఫోన్లో ఫొటో పెడితే ఒప్పుకోను, పోస్టులో పంపండి.

ఇట్లు,
మీ తాతయ్య