క్రిమి రోగి వెంట వచ్చిందా, వార్డులో అంటిందా: 2010 నుంచి తెగని ప్రశ్న

కర్నూలులోనో, అనంతపురంలోనో, కడపలోనో ఐసీయూలో ఉన్న రోగి రక్తానికి ఇన్‌ఫెక్షన్ సోకి చనిపోయినప్పుడల్లా ఒకటే వాదన లేస్తుంది. కాలు విరిగి చేరిన మనిషి రక్తంలోకి క్రిమి ఎలా వచ్చిందని బంధువులు అడుగుతారు. ఊళ్లో ఆర్‌ఎంపీ వేసిన సూదిమందుల వల్ల, చీటీ లేకుండా మెడికల్ షాపులో కొని మింగిన మాత్రల వల్ల, మందులకు లొంగని క్రిమిని రోగే వెంటబెట్టుకొని వచ్చాడని ఆసుపత్రులు జవాబిస్తాయి. పెన్సిలిన్ నాటి నుంచి చెప్పుకొచ్చే చరిత్ర పాఠకులకు తెలిసినదే కనుక దానిని వదిలేసి, ఈ వాదనకు అసలు మలుపు అనదగిన 2010 దగ్గర మొదలుపెట్టడం మేలు.

ఆ ఏడాది ఆగస్టులో లాన్సెట్ ఇన్‌ఫెక్షియస్ డిసీజెస్ పత్రికలో ఒక వ్యాసం వెలువడింది. తొలి రచయిత కార్తికేయన్ కుమారస్వామి మద్రాసు విశ్వవిద్యాలయ పరిశోధకుడు. చివరి అస్త్రాలుగా దాచుకునే మెరోపెనెమ్, ఇమిపెనెమ్ వంటి మందులను విరగ్గొట్టే ఎన్‌డీఎం-1 అనే ఎంజైము చెన్నైలో 44, హర్యానాలో 26, బ్రిటన్‌లో 37, భారత్, పాకిస్తాన్‌లలోని ఇతర చోట్ల 73 నమూనాలలో కనిపించిందని అందులో రాశారు. ఆ ఎంజైమును తయారుచేసే జన్యువు ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్‌ఏ వలయం మీద ఉంటుంది కాబట్టి, క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా నుంచి ఈ-కొలై అనే మరో బ్యాక్టీరియాకు, ఇలా ఒక జాతి నుంచి మరో జాతికి సులువుగా చేరిపోతుంది. వైద్యానికి చెన్నై, వేలూరు, బెంగళూరు, హైదరాబాదు వెళ్లి రావడం అలవాటైన మన జిల్లాలకు ఇది దూరపు వార్త కాదు.

అయితే దేశంలో గొడవ జరిగింది పేరు మీద. 2008లో స్వీడన్ ఆసుపత్రిలో చేరిన భారత సంతతి వ్యక్తి నమూనాలో ఆ ఎంజైమును తొలిసారి గుర్తించారు; అతడు అంతకు ముందు న్యూఢిల్లీలో చికిత్స పొందాడని ఆ నగరం పేరు పెట్టారు. వైద్య పర్యాటకాన్ని దెబ్బతీయడానికే ఇదంతా అని ఇక్కడ మండిపడ్డారు. పేరు విషయంలో పొరపాటు జరిగిందని 2011 జనవరిలో లాన్సెట్ సంపాదకుడు రిచర్డ్ హార్టన్ ఒప్పుకున్నాడు. ఆ ఏప్రిల్‌లోనే ఢిల్లీలో 50 కొళాయి నీటి నమూనాలలో 2, వీధుల్లో నిలిచిన నీటి నమూనాలు 171లో 51 ఆ జన్యువును మోస్తున్నాయని మరో వ్యాసం వచ్చింది. దాని మీదా ఖండనలే వచ్చాయి. క్రిమి ఎక్కడిది అన్న ప్రశ్న పరువు సమస్యగా మారినప్పుడు, వార్డుల్లో ఎంత ఉందో లెక్క తీయడం వెనుకబడింది.

ప్రభుత్వ విధానం కూడా ఆ దారినే నడిచింది. పై తరగతి యాంటీబయాటిక్‌లను పెద్ద ఆసుపత్రులకే పరిమితం చేయాలన్న ప్రతిపాదన వ్యతిరేకతకు తట్టుకోలేక పోయింది. దాని స్థానంలో చీటీ ఉంటేనే అమ్మాల్సిన 46 మందుల జాబితా, షెడ్యూల్ హెచ్-1, 2013లో ప్రకటితమై, 2014 మార్చి 1న అమలులోకి వచ్చింది. షాపువాడు రోగి పేరు, డాక్టరు పేరు, మందు, పరిమాణం ప్రత్యేక రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. అందులో సెఫిక్సిమ్ ఉంది, అజిత్రోమైసిన్ లేదు. రెండూ జ్వరానికి చేతికి వచ్చే మాత్రలే. ఏమైనా షాపు కౌంటరుకు ఒక పుస్తకమంటూ వచ్చింది. ఐసీయూలో ఎంతమందికి రక్త ఇన్‌ఫెక్షన్ సోకిందో జనానికి ప్రకటించాలని ఆసుపత్రులను నిర్బంధించే అలాంటి పుస్తకమేదీ రాలేదు. మందులకు లొంగని క్రిములపై 2017 నాటి జాతీయ కార్యాచరణ ప్రణాళిక ఇన్‌ఫెక్షన్ల నివారణను ప్రస్తావించింది గానీ, ఆ లోటును పూడ్చలేదు.

ఆసుపత్రుల వాదనలో నిజం లేకపోలేదు. ఆలూరు, పత్తికొండ వైపు నుంచి కర్నూలు చేరేలోపు రోగి రెండు మూడు చోట్ల సెఫ్‌ట్రయాక్సోన్ ఎక్కించుకొనే వస్తాడు. మొండి క్రిమి పేగుల్లో ముందే కాపురం పెట్టి ఉండవచ్చు కూడా. కానీ పేగుల్లోంచి, చర్మం మీదనుంచి రక్తంలోకి దానికి దారి ఇచ్చేది చాలాసార్లు మెడ దగ్గరి సిరలోకి వేసిన సెంట్రల్ లైను అనే గొట్టం, దానిని తాకే చేతులు. 2017-18లో దేశంలోని 26 ఆసుపత్రుల ఐసీయూలను పరిశీలించి, 2022లో వెలువడిన అధ్యయనం 2,622 ఆసుపత్రి రక్త ఇన్‌ఫెక్షన్లను లెక్కించింది. వాటిలో క్లెబ్సియెల్లాదే పెద్ద వాటా.

ఒక కుటుంబం ప్లాస్టిక్ కవరులోంచి తీసి చూపించిన కేసు షీటులో, మూడు రోజులు మెరోపెనెమ్ ఎక్కించాక గానీ తొలి బ్లడ్ కల్చర్ (రక్తంలోని క్రిమిని పెంచి గుర్తించే పరీక్ష) పంపలేదు. మందు పడ్డాక క్రిమి పెరగకపోవచ్చు కాబట్టి, మందు మొదలుకాక ముందే, రెండు చోట్ల నుంచి, సీసాకు 8 నుంచి 10 మిల్లీలీటర్ల రక్తం తీయాలన్నది పాఠ్యపుస్తకంలోని మాట. ఆ తొలి రిపోర్టులో ఏ క్రిమీ పెరగలేదు. తొమ్మిదో రోజు పంపిన దానిలో క్లెబ్సియెల్లా వచ్చింది. మందుల పేర్ల ఎదురుగా పైనుంచి కిందికి ‘ఆర్’ (మందుకు లొంగదు) అనే అక్షరమే, కొలిస్టిన్ ఎదురుగా మాత్రం ‘ఐ’ (మధ్యస్థం). మూత్రపిండాలను దెబ్బతీస్తుందని 1970లలో పక్కన పెట్టిన మందు అది. చేరిన నాడే రక్తం తీసి ఉంటే ఆసుపత్రి తన మాటను రుజువు చేసుకొనేది, లేదా బంధువుల మాట నిలిచేది.

చేరిన 48 గంటల తర్వాత బయటపడిన ఇన్‌ఫెక్షన్‌ను సాధారణంగా ఆసుపత్రి ఖాతాలోనే వేస్తారు. రోగి చేరిన తేదీ, సెంట్రల్ లైను వేసిన తేదీ, కల్చర్ సీసా పంపిన తేదీ మూడూ కేసు షీటులోనే ఉంటాయి. 2002 నాటి భారత వైద్య మండలి నియమావళి ప్రకారం ఆ రికార్డును మూడేళ్లు భద్రపరచాలి, రోగి తరఫువారు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి.