రష్యన్లకు ఇంగ్లిష్‌లో అణచడం, ఊరుకోబెట్టడం: అపోహలు - వాస్తవాలు

నేను రష్యన్ మాట్లాడేవాళ్లకు ఆన్‌లైన్‌లో ఇంగ్లిష్ చెప్తుంటాను. ఎ, ద లాంటి ఆర్టికల్స్ దగ్గర వాళ్లు తప్పులు చేస్తారని అందరికీ తెలుసు, రష్యన్‌లో అవి అసలు లేవు కాబట్టి. వాటితో పెద్ద నష్టమేం లేదు, ఎదుటివాడికి విషయం అర్థమైపోతుంది. అర్థం తారుమారయ్యేది అణచడం, ఆపుకోవడం, ఊరుకోబెట్టడం లాంటి క్రియల దగ్గర.

అపోహ: రష్యన్‌లో "పదవీత్" (అణచడం) అని ఉన్నచోటల్లా సప్రెస్ పెట్టేస్తే పనైపోతుంది.

వాస్తవం: చాలాచోట్ల నిజంగానే అయిపోతుంది, అందుకే ఆ అలవాటు వదలదు. రష్యాలో 1773-75 నాటి పుగచోవ్ తిరుగుబాటును సప్రెస్ చేశారన్నా, క్వెల్ చేశారన్నా, పుట్ డౌన్ చేశారన్నా తప్పులేదు. (జబ్బుపడ్డ కుక్కకి ఇంజెక్షన్ ఇచ్చి ప్రాణం తీయడాన్ని కూడా పుట్ డౌన్ అనే అంటారు, జాగ్రత్త.) కోర్టు తీర్పు కొట్టేస్తే క్వాష్. పేపర్లో క్వాష్ పిటిషన్ల గురించి చదివే మనకి ఇది కొత్త కాదు గానీ వాళ్లకి కొత్తే. ఆవలింతకి సప్రెస్ అన్నా తప్పులేదు గానీ, స్టైఫిల్ ఇంకా సహజంగా ఉంటుంది.

అపోహ: రిప్రెస్ రష్యన్‌లోనూ ఉన్న మాటే, దాంతో ఇబ్బంది లేదు.

వాస్తవం: అన్నిటికన్నా పెద్ద ఇబ్బంది దాంతోనే. ఒకావిడ క్లాసులో వాళ్ల కుటుంబం గురించి చెప్తూ, "మా ముత్తాత 1937లో రిప్రెస్డ్" అంది. రష్యన్‌లో ఆ మాటకి ఒక్కటే అర్థం: స్టాలిన్ కాలంలో పట్టుకుపోయారు, లేబర్ క్యాంపుకి పంపారు లేదా కాల్చేశారు. ఇంగ్లిష్‌వాడికి మాత్రం రిప్రెస్డ్ మనిషంటే మనసులో మాట, కోరికలు బయటపెట్టకుండా లోపలే తొక్కిపెట్టుకునేవాడు. అంత ఘోరం కాస్తా ముత్తాతగారి స్వభావం గురించిన కబురైపోయింది! అరెస్టు చేశారు, క్యాంపుకి పంపారు అని విడమర్చి చెప్పమన్నాను. ఆవిడ కాసేపు ఊరుకుని, కాల్చేశారు అంది.

అపోహ: కామ్ అనే క్రియ వాడితే ఊరుకోబెట్టే ప్రయత్నం చేశామని అర్థం.

వాస్తవం: రష్యన్‌లో ప్రయత్నానికి "ఉస్పకాయివాత్", ఫలితానికి "ఉస్పకోయిత్" అని జంట క్రియలు. మొదటిది చేశాను, రెండోది కాలేదు అని హాయిగా ఒకే వాక్యంలో అనేస్తారు. దాన్ని ఇంగ్లిష్‌లో పెడితే "పిల్లాణ్ని కామ్ చేశాను కానీ కామ్ చేయలేదు" అని తిక్కగా వస్తుంది, ట్రైడ్ టు అని చేర్చాల్సిందే. నాకైతే ఇది చప్పున అర్థమైంది, ఎందుకంటే "ఎంతో ఓదార్చాను, అయినా ఊరుకోలేదు" అని మనమూ అంటాం, ఓదార్చడం మన పని, ఊరుకోవడం వాడి ఇష్టం.

అపోహ: కన్నీళ్లు ఆపుకునే క్రియే మాటకీ సరిపోతుంది.

వాస్తవం: రష్యన్‌లో సరిపోతుంది. "జ్దిర్జాత్" అంటే కన్నీళ్లు ఆపుకోవడమూ అదే, మాట నిలబెట్టుకోవడమూ అదే. అందుకే "అతను ప్రామిస్‌ని రెస్ట్రెయిన్ చేశాడు" లాంటి వాక్యాలు పుడతాయి. కన్నీళ్లకి హోల్డ్ బ్యాక్, మాటకి కీప్. అంతే.

అపోహ: సముద్రం మనసుకి ప్రశాంతత ఇస్తే అపీజ్ చేసినట్టు.

వాస్తవం: డిక్షనరీ అలాగే చూపిస్తుంది పాపం, "ఉమిరత్వర్యాత్" అనే రష్యన్ మాట ఎదురుగా. కానీ హిట్లర్‌ని బుజ్జగించడానికి చెకొస్లొవేకియాలో కొంత భాగం ఇచ్చేసిన 1938 మ్యూనిక్ ఒప్పందం దగ్గర్నుంచి ఇంగ్లిష్‌లో అపీజ్‌కి చెడ్డ వాసన అంటుకుంది, మన బుజ్జగింపు రాజకీయాల్లాగే. సముద్రం ఎవర్నీ బుజ్జగించదు. సూథ్ అనండి.

అపోహ: కంగారు తగ్గడానికి వేసుకునేదేదైనా సెడెటివ్.

వాస్తవం: రష్యన్ల ఇళ్లలో వలేరియన్ వేరు చుక్కలు మామూలు, పరీక్షకి ముందు కూడా నాలుగు చుక్కలు నీళ్లలో వేసుకుని తాగేస్తారు. నా స్టూడెంట్ ఒకమ్మాయి మీటింగ్‌కి ముందు, "కొంచెం టెన్షన్‌గా ఉంది, సెడెటివ్ తీసుకున్నాను" అని తన ఇంగ్లిష్ బాస్‌కి మెసేజ్ పెట్టింది. ఇంగ్లిష్‌వాడికి సెడెటివ్ అంటే మత్తుగా నిద్రపుచ్చే మందు. అతను మీటింగ్ వాయిదా వేసి, ఇంటికెళ్లడానికి తోడు ఎవరైనా ఉన్నారా అని అడిగాడట.