డబ్బాపాలలో ఏముంటుంది, ఎంత ఉండొచ్చు: ల్యాబ్‌లో పనిచేసే నాకు తెలిసినవి

మాది విజయనగరం. ఆహార పరీక్షల ల్యాబ్‌లో పని, పాలపొడి శాంపిళ్లు చూడటం నాకు రోజూ ఉండేదే. అందుకే చుట్టాల్లో ఎవరి బిడ్డకైనా డాక్టరు డబ్బాపాలు రాస్తే ఫోన్ నాకు వస్తుంది. తల్లిపాలు సరిపోతున్నవాళ్లకు వీటితో అసలు పనే లేదు, డబ్బా మీద పసిబిడ్డ బొమ్మ వెయ్యకూడదని 1992 నాటి చట్టం అంటున్నది కూడా ఎవరూ ఆ బొమ్మ చూసి మోజుపడకూడదనే. తప్పనిసరై డబ్బాపాలు పడుతున్నవాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

అపోహ: "మంచి కంపెనీ డబ్బాలో సీసం లాంటివి అస్సలు ఉండవు."

లోహాల విషయంలో సున్నా ఉండాలని ప్రమాణాలు అనవు, ఇంతకు మించకూడదు అంటాయి. సీసం మట్టిలో ఉంది, నీళ్లలో ఉంది, అక్కడి నుంచి మేతలోకీ పాలలోకీ వస్తుంది. అంతర్జాతీయ ఆహార ప్రమాణాలు చూసే కోడెక్స్ 2014లో శిశువుల ఫార్ములాకు, అంటే ఈ డబ్బాపాలకు, సీసం పరిమితిని కిలోకు 0.02 మిల్లీగ్రాముల నుంచి 0.01కి దించింది. అదెంతో కళ్లకు కట్టాలంటే, పదివేల లీటర్ల ట్యాంకర్లు పది వరసగా నిలబెట్టి వాటన్నిటిలో కలిపి ఒక్క గ్రాము. అంత గట్టిగా పట్టడానికి కారణం ఉంది. ఐదు కిలోల బిడ్డ రోజుకు సుమారు 750 మిల్లీలీటర్లు తాగుతుంది, అదే లెక్కన అరవై కిలోల మనిషి తాగితే తొమ్మిది లీటర్లు అవుతుంది. పైగా ఇంత సీసం వల్ల హాని లేదు అని చెప్పగలిగే మోతాదు ఇప్పటిదాకా తేలలేదు.

ఇందులో చాలామంది గమనించనిది ఒకటి ఉంది. ఆ 0.01 అన్నది పొడికి కాదు, కలిపి తాగడానికి సిద్ధంగా ఉన్న పాలకు. కలిపిన పాలలో పదింట దాదాపు తొమ్మిది వంతులు మన ఇంటి నీళ్లే.

అపోహ: "నీళ్లు ఎంత ఎక్కువ మరిగిస్తే అంత మంచిది."

కవిటి వైపు ఉన్న మా మరదలు ఫోన్‌లో "ఏటి వదినా, అరగంట మరిగించేను, ఇంకేటి భయం?" అంది. ఆ పిల్ల భయం నాకు అర్థమవుతుంది. ఉద్దానంలో ఇంటికొకరు కిడ్నీ జబ్బుతో బాధపడటం చూస్తూ పెరిగింది, దానికి కారణం ఇదీ అని ఈరోజుకీ తేలలేదు, నీళ్ల పేరు వింటేనే వాళ్లకు టెన్షన్. కానీ మరిగిస్తే చచ్చేవి క్రిములే. సీసం, ఫ్లోరైడ్, నైట్రేట్ ఎక్కడికీ పోవు. లీటరు నీళ్లు ముప్పావు లీటరు అయ్యేదాకా మరిగించారంటే వాటి మోతాదు మూడో వంతు పెరిగినట్టు. తెర్లిందా, పొయ్యి కట్టేయండి. బోరు పక్కనే మరుగుదొడ్డి గుంట గానీ, ఎరువు వేసే పొలం గానీ ఉంటే నైట్రేట్ పరీక్ష చేయించాల్సిందే. తాగునీటి ప్రమాణం ప్రకారం లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు, దాటితే పసిబిడ్డ రక్తం ఆక్సిజన్ మోయలేక ఒళ్లు నీలంగా మారే ప్రమాదం ఉంది. ఆర్‌ఓ నీళ్లయితే లోహాల సంగతి చాలావరకు తీరుతుంది గానీ, క్యాన్‌లో రెండు రోజులు నిలవున్న నీళ్లు క్రిములు లేనివని అనుకోకండి. వాటినీ మరిగించే వాడాలి.

అపోహ: "సీలు ఉన్న డబ్బాలో క్రిములు ఉండవు."

నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేది ఇదే. పాలపొడి స్టెరైల్ కాదు, అంటే క్రిములు బొత్తిగా లేనిది కాదు. క్రోనోబ్యాక్టర్ అనే సూక్ష్మజీవి పొడిలో నెలల తరబడి బతికే ఉంటుంది. కోడెక్స్ నియమం ప్రకారం ఒక్కో లాటు (ఒకే విడతలో తయారైన సరుకు) నుంచి పదేసి గ్రాముల శాంపిళ్లు ముప్పై తీసి చూస్తాం, ఒక్కదానిలోనూ అది కనబడకూడదు. సాల్మొనెల్లాకైతే ఇరవై అయిదేసి గ్రాములవి అరవై. గట్టి పరీక్షే, కాదనను. కానీ టన్నుల పొడిలో క్రోనోబ్యాక్టర్ కోసం మేం చూసింది మూడు వందల గ్రాములే కదా! మిగిలిన ఆ కాస్త అనుమానాన్ని తీర్చాల్సింది వేడినీళ్లు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007 మార్గదర్శకాల్లో 70 డిగ్రీలకు తగ్గని నీళ్లతో కలపమంది.

నరసన్నపేటలో మా అక్క కూతురి ఇంటికి వెళ్లినప్పుడు బ్యాగులో థర్మామీటరు ఉంటే, రాత్రి పాలకని సాయంత్రమే నింపి పెట్టిన ఫ్లాస్కులో ముంచి చూశాను. 52 డిగ్రీలు. ఆ వేడికి క్రిమి చావదు. అక్కడే ఇంకోటి కూడా కంటబడింది: స్కూపు ఎక్కడో పోతే, కుళాయి కింద కడిగిన స్టీలు చెంచాను తడితోనే డబ్బాలో పెడుతున్నారు, చెంచా కాడకి పొడి ముద్దలా అంటుకుని ఉంది. తడి తగిలిన చోటే క్రిమి పెరిగేది.

లీటరు నీళ్లు మరిగించి, మూతపెట్టి అరగంటలోపు వాడండి. కలిపాక గిన్నెను చన్నీళ్లలో పెట్టి చల్లార్చి, మణికట్టు మీద చుక్క వేసి చూసి పట్టండి. మిగిలినవి రెండు గంటలు దాటితే పారబోయండి, ధర చూసి దాచొద్దు. మే నెలలో మన వంటింట్లో ఒక క్రిమి అరగంటకోసారి రెట్టింపైతే అయిదు గంటలకు వెయ్యి దాటుతుంది. కొన్ని డబ్బాల మీద గోరువెచ్చని నీళ్లు అని రాసి ఉంటుంది, అలాంటప్పుడు డాక్టరును అడగండి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు, రెండు నెలల్లోపు బిడ్డకు మాత్రం నేను 70 డిగ్రీలనే పట్టుకుంటాను. క్రోనోబ్యాక్టర్ వల్ల వచ్చే జబ్బు అరుదే, కానీ మెదడు పొరలకు సోకితే బిడ్డ దక్కడం కష్టం. సీసా కన్నా ఉగ్గుగిన్నె మేలు, మూలలు లేవు, కడగడం తేలిక.

అపోహ: "దుబాయ్ నుంచి తెప్పించినది ఇంకా శుభ్రం."

2022లో అమెరికాలోని మిషిగన్ ఫ్యాక్టరీ పాలపొడిని ఇదే క్రోనోబ్యాక్టర్ అనుమానంతో వెనక్కి రప్పించారు. 2017లో ఫ్రాన్స్ కంపెనీ పొడి సాల్మొనెల్లా వల్ల ఎనభైకి పైగా దేశాల నుంచి వెనక్కి వెళ్లింది. పైగా చుట్టాలు సూట్‌కేసులో తెచ్చిన డబ్బాను రీకాల్ చేస్తే ఆ కబురు టెక్కలిలో మీకు ఎవరు చెబుతారు?

అపోహ: "వీటన్నిటికన్నా ఇంటి ఆవుపాలు నయం."

ఏడాది లోపు బిడ్డకు ఆవుపాలు, గేదెపాలు ప్రధాన ఆహారం కాకూడదు. వాటిలో ఐరన్ చాలదు, ప్రొటీను, ఉప్పు కిడ్నీలకు భారం. బూజు పట్టిన వేరుశనగ చెక్క తిన్న ఆవు పాలలోకి అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం వస్తుంది, కాచినా పోదు. మన దేశంలో పాలకు దాని పరిమితి కిలోకు 0.5 మైక్రోగ్రాములు. పెరట్లో ఆవు పాలను ఎవరూ పరీక్షకు పంపరు.

అపోహ: "ప్రొటీను శాతం ఎక్కువుంటే మంచి పొడి."

2008లో చైనాలో జరిగింది గుర్తు చేసుకోండి. ప్రొటీను పరీక్షలో మేం నిజానికి కొలిచేది నైట్రోజన్‌ను, దాన్ని ఆసరా చేసుకుని పాలలో మెలమిన్ అనే నైట్రోజన్ ఎక్కువుండే రసాయనం కలిపారు. ఆరుగురు పసివాళ్లు పోయారు, దాదాపు మూడు లక్షల మంది జబ్బుపడ్డారు. ఆ తర్వాతే, 2010లో, శిశువుల పాలపొడిలో మెలమిన్ కిలోకు ఒక మిల్లీగ్రాము దాటకూడదని కోడెక్స్ నిర్ణయించింది.

డబ్బా మీద అనుమానం వస్తే పారెయ్యకండి. మూత బిగించి పక్కన పెట్టి, బ్యాచ్ నంబరు, 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (మన దేశ ఆహార భద్రతా సంస్థ) లైసెన్సు నంబరు ఫొటో తీసి, జిల్లా ఫుడ్ సేఫ్టీ అధికారికి గానీ ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో గానీ ఫిర్యాదు ఇవ్వండి. బ్యాచ్ నంబరు లేని శాంపిల్ మా బల్ల మీదకు వస్తే, అదే లాటు డబ్బాలు ఇంకెన్ని ఇళ్లలో ఉన్నాయో పట్టుకునే దారి మాకు ఉండదు.