ప్యాడ్లు ముందొచ్చాయి, మాట వెనక వచ్చింది

నెల్లూరు, ప్రకాశం జిల్లాల పల్లెల్లో ఇంటరో డిగ్రీయో చదివే అమ్మాయి అంగన్‌వాడీ వరండాలో పది పన్నెండేళ్ల ఆడపిల్లలను కూర్చోబెట్టుకుని నెలసరి గురించి చెబుతున్నదంటే, అందులో కొత్తది విషయమే గాని పద్ధతి కాదు. ఇంట్లో నోరెత్తని సంగతిని పదిమంది ఆడవాళ్లు ఒకచోట చేరి మాట్లాడుకోవడం ఈ ప్రాంతానికి మూడు దశాబ్దాల కిందటే అలవాటైంది.

1990ల తొలినాళ్లలో నెల్లూరు జిల్లాలో అక్షరజ్యోతి పేరిట సాగిన అక్షరాస్యతా ఉద్యమం కూలికి పోయే ఆడవాళ్లను రాత్రి బడుల్లో కూర్చోబెట్టింది. ఆ బడుల్లో అక్షరాలతోపాటు సారా ముచ్చటా నడిచింది. 1992లో దూబగుంటలో వర్ధినేని రోశమ్మ, ఆమెతో కలిసిన మహిళలు ఊళ్లోకి సారా రాకుండా అడ్డుకోవడం, ఆ నిప్పు జిల్లాలు దాటడం, 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం అమలులోకి రావడం తెలిసిన చరిత్రే. రోజుకో రూపాయి దాచుకునే పొదుపులక్ష్మి సంఘాలు ఆ ఊపులో పుట్టినవే. మొగుడి తాగుడు, కూలి డబ్బులు, అప్పులు అన్నీ ఆ ఉద్యమాల్లో రచ్చకెక్కాయి గాని, ముట్టు మాత్రం ఎక్కలేదు.

ఆ మౌనం తీరు కూడా విచిత్రమైనదే. పిల్ల పెద్దమనిషైతే కొత్త చాప వేస్తారు, చిమ్మిలి తినిపిస్తారు, చుట్టాలకు కబురంపుతారు, ఈమధ్య ఫ్లెక్సీలు కూడా కడుతున్నారు. ఊరంతటికీ తెలిసిపోయిన ఆ సంగతి అసలెందుకు జరిగిందో ఆ పిల్లకు మాత్రం ఎవరూ చెప్పరు. ఆ తర్వాత అంతా చాటు మాటలే: బయట చేరింది, దూరంగా ఉంది, తలంటుకుంది. నాలుగు మెతుకుల కోసం పొగాకు పనికో నాట్లకో పోవలసిన ఇంట్లో మూడు రోజులు దూరంగా కూర్చునే వీలు ఎప్పుడూ లేదు. ఆచారం అక్కడ సగమే నిలిచింది. పని తప్పలేదు, పచ్చడి జాడీ ముట్టకూడదన్న మాట మాత్రం మిగిలింది. ఉతికిన గుడ్డను ఎవరి కంటా పడకుండా చీర కిందో చూరు కిందో ఆరేయడమూ మిగిలింది. అసలు ప్రమాదమంతా ఆ చాటులోనే ఉంది: సబ్బుతో ఉతికి ఎండలో ఆరేసిన నూలుగుడ్డ వాడితే తప్పు లేదు, సరిగా ఆరక చెమ్మ మిగిలిన గుడ్డ వల్లనే ఇన్ఫెక్షన్ల భయం.

ప్రభుత్వం ఈ విషయంలోకి ప్యాడ్ల పంపిణీతో వచ్చింది. 2011లో కేంద్ర ఆరోగ్య శాఖ 17 రాష్ట్రాల్లోని 107 జిల్లాల్లో, ఆరు ప్యాడ్ల ప్యాకెట్టును ఆరు రూపాయలకు ఆశా కార్యకర్తల చేత అమ్మించే పథకం పెట్టింది. అంతకు ముందరి ఏడాది కౌమార బాలికల కోసం కేంద్రం పెట్టిన సబల పథకంలోనూ, 2014 జనవరిలో మొదలైన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమంలోనూ, తోటివారికి చెప్పే బాధ్యత ఆ వయసు పిల్లలకే అప్పగించాలన్న ఆలోచన కాగితం మీదికి ఎక్కింది. సబలలో 15 నుంచి 25 మంది బాలికల బృందానికి ముందుండి నడిపే ఒక సఖి, ఆమెకు తోడుగా ఇద్దరు సహేలీలు ఉండాలని అప్పట్లో పెట్టారు. 2018లో ప్యాడ్ల మీద జీఎస్టీ ఎత్తేశారు. 2021 అక్టోబర్ 5న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం స్వేచ్ఛ పేరుతో, ప్రభుత్వ విద్యాసంస్థల్లో ఏడు నుంచి పన్నెండో తరగతి దాకా చదివే బాలికలకు నెలకు పది చొప్పున ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది.

ఇది చిన్న మేలు కాదు. అయితే బడిలో పంచేది బడికి వచ్చే పిల్లకే అందుతుంది. పదో తరగతి తప్పి రొయ్యల షెడ్డుకు పోయే పిల్ల ఆ లెక్కలోకి రాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెప్పే అంకెలను కూడా కాస్త ఆగి చదవాలి. 15–24 ఏళ్ల స్త్రీలలో పరిశుభ్ర పద్ధతులు వాడేవారు దేశవ్యాప్తంగా 2015–16లో 57.6 శాతం, 2019–21లో 77.3 శాతం. కానీ ఆ లెక్కలో గుడ్డ ఎంత శుభ్రంగా ఉన్నా పరిశుభ్రం కాదు, ప్యాడ్ పొద్దుటి నుంచి రాత్రి దాకా మార్చకపోయినా పరిశుభ్రమే. అంకె అడగని ప్రశ్న అడిగేది వరండాలో కూర్చున్న అమ్మాయే: ఎన్ని గంటలకు మారుస్తున్నావు, ఎక్కడ మారుస్తున్నావు, ఎక్కడ పడేస్తున్నావు?

ఆమె దగ్గర పెద్ద సరంజామా ఉండదు. ఒక కత్తెర, గ్లాసు నీళ్లు చాలు. ప్యాడ్‌ను చీల్చి లోపలి పొడి మీద నీళ్లు పోస్తే అది ఉడికిన సగ్గుబియ్యంలా ఉబ్బి నిలబడుతుంది, పిల్లలు ముందు నవ్వుతారు, తర్వాత దగ్గరికి జరుగుతారు. ఇదే పొద్దుటి నుంచి ఒంటికి అంటుకుని ఉంటే ఎలా ఉంటుందో, ఇదే కాలవలో వేస్తే కరుగుతుందో లేదో ఆమె వాళ్లచేతనే చెప్పిస్తుంది. క్యాలెండర్ మీద తేదీకి సున్నా చుట్టడం నేర్పిస్తుంది. ఈ పని టీచరు చేయలేరని కాదు. అక్క అని పిలవగలిగిన మనిషిని అడిగినట్టు టీచరును అడగరు, అంతే.

ఆమెకూ జవాబు దొరకని చోటు ఉంది. నాలుగు నుంచి ఆరు గంటలకోసారి మార్చాలి, మార్చినప్పుడల్లా చేతులు కడగాలి, గుడ్డయితే సబ్బుతో ఉతకాలి అని ఆమె చెబుతుంది. ఫ్లోరైడ్ నీళ్లతో నడుములు వంగిన కనిగిరి వైపు పల్లెల్లో, ట్యాంకరు కోసం బిందెలు వరసపెట్టే వేసవిలో, ఆ మాట వినగానే వెనక వరసలో కూర్చున్న తల్లులు అడిగే ప్రశ్న ఒకటే: దానికి నీళ్లు ఎక్కడివమ్మా?