అభిమానులు కూడే చోటు ఎవరిది?

2019 అక్టోబర్‌లో యాహూ ఒక ప్రకటన చేసింది. యాహూ గ్రూప్స్ అనే చర్చాబృందాల సేవలో ఏళ్ల తరబడి పోగైన మెసేజ్‌లు, ఫైళ్లు, ఫొటోలు అన్నీ తీసేస్తామని, కావలసినవాళ్లు ఈలోగా కాపీ చేసుకోవాలని దాని సారాంశం. మొదట ఇచ్చిన గడువు రెండు నెలలే. ఎప్పుడో ఇరవై ఏళ్ల కిందట ఒక నవల కోసమో, ఒక టీవీ సీరియల్ కోసమో గ్రూపు పెట్టుకున్నవాళ్లు పరుగులు పెట్టారు. ముక్కూ మొహం తెలియని వాలంటీర్లు కలిసి, దొరికిన గ్రూపునల్లా దించుకున్నారు. నడిపినవాళ్లు లేకుండా పోయిన గ్రూపులు చాలా ఉన్నాయి. వాటిలో రాసిన కథలు, చేసిన వాదనలు, ఒకరి కష్టానికి ఇంకొకరు చెప్పిన ఓదార్పు మాటలు తిరిగి రాలేదు.

కథల మీద ప్రేమ ఈ తరంతో మొదలైంది కాదు, ఈ తరంతో పోయేదీ కాదు. మారుతూ వచ్చింది అభిమానులు కలుసుకునే చోటు, ఆ చోటి తాళంచెవి ఎవరి చేతిలో ఉందన్న సంగతి. అభిమాన సంఘాల చరిత్రను ఈ ప్రశ్న దగ్గర పెట్టుకుని చదివితేనే ఇవాళ్టి గొడవలు అర్థమవుతాయని నా నమ్మకం.

మొదట్లో అసలు చోటే లేదు. పాఠకుడికి, రచయితకు మధ్య ఉత్తరం ఒక్కటే దారి. శామ్యూల్ రిచర్డ్‌సన్ నవల 'క్లారిస్సా' 1747 డిసెంబర్ నుంచి ఏడాది పాటు విడతలుగా వచ్చింది. కథ విషాదం వైపు వెళ్తోందని పసిగట్టిన లేడీ బ్రాడ్‌షా అనే పాఠకురాలు, ఆ అమ్మాయిని చంపొద్దని మారుపేరుతో రచయితకు ఉత్తరాలు రాసింది. ఆయన వినలేదు. ఆమె తోబుట్టువు లేడీ ఎక్లిన్ ఇంకో అడుగు ముందుకేసి తనకు నచ్చినట్టు వేరే ముగింపే రాసేసింది. అది పుస్తకంగా అచ్చయింది 1982లో! ఇప్పుడు ఫ్యాన్‌ఫిక్షన్ అంటున్న పనినే ఆమె చేసింది. కాకపోతే ఆమె రాసింది చదవడానికి, తనలాంటి వాళ్లు పదిమంది ఒకచోట చేరే వీలు అప్పటికి లేదు.

షెర్లాక్ హోమ్స్ నాటికి పత్రికలు వచ్చాయి. 1893 డిసెంబర్ 'స్ట్రాండ్' సంచికలో ఆర్థర్ కానన్ డాయల్ హోమ్స్‌ను జలపాతంలో పడేసి కథ ముగించాడు. ఇరవై వేల మంది చందా మానేశారని, లండన్ యువకులు చేతికి నల్ల పట్టీ కట్టుకుని తిరిగారని ఇప్పటికీ చెప్పుకుంటారు. పట్టీల సంగతి తర్వాతి కాలంలో పుట్టిన కథలాగే ఉంది. పాఠకుల కోపం మాత్రం నిజం. డాయల్ 1901లో పాత కాలంలో జరిగినట్టుగా ఒక హోమ్స్ నవల మొదలుపెట్టి, 1903లో హోమ్స్‌ను బతికించే తీసుకొచ్చాడు. మధ్యలో పదేళ్లు గడిచాయి. ఆ పదేళ్లూ పాఠకులు అతన్ని మరచిపోలేదన్నదే ఇక్కడ ముఖ్యం.

హోమ్స్ అభిమానులు ఇంకో కొత్త పని కూడా చేశారు. హోమ్స్ కథలు మనకు చెప్పే అతని స్నేహితుడు వాట్సన్ నిజంగా బతికిన మనిషి, డాయల్ అతని రచనలు అచ్చు వేయించిన ఏజెంట్ మాత్రమే అనుకుని కథల్లోని తేదీల తేడాలు, పొంతన లేని వివరాలు పండితుల్లా పరిశోధించారు. 1911లో రొనాల్డ్ నాక్స్ ఇలాంటి వ్యాసం ఒకటి రాసి చదివి దానికి ఊపు తెచ్చాడు. 1934లో న్యూయార్క్‌లో 'బేకర్ స్ట్రీట్ ఇర్రెగ్యులర్స్' సంఘం పుట్టింది. అది ఇంకా నడుస్తోంది. ఒక కథను తరాలు మారినా వదలకుండా పట్టుకోవడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

అసలు మలుపు మాత్రం ఇంకో చోట వచ్చింది. 1926లో హ్యూగో గెర్న్స్‌బ్యాక్ 'అమేజింగ్ స్టోరీస్' అనే సైన్స్ ఫిక్షన్ పత్రిక మొదలుపెట్టాడు. పాఠకుల లేఖల పేజీలో రాసినవాళ్ల పేరుతో పాటు పూర్తి అడ్రసు కూడా వేసేవాడు. చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ పని మొత్తం అదే చేసింది. పత్రికకు ఉత్తరం రాసేవాళ్లు ఒకరికొకరు రాసుకోవడం మొదలుపెట్టారు. 1930లో 'ది కామెట్' పేరుతో సొంత పత్రిక వేసుకున్నారు. అభిమానులే వేసుకునే ఇలాంటి పత్రికల్ని ఫ్యాన్‌జైన్‌లు అంటారు. వాటిలో మొదటిదిగా చెప్పేది దాన్నే. పబ్లిషర్ పేజీలో పరిచయమైనవాళ్లు పబ్లిషర్‌తో పని లేకుండా బతకడం నేర్చుకున్నారు.

1939 జులైలో న్యూయార్క్‌లో జరిగిన మొదటి ప్రపంచ సైన్స్ ఫిక్షన్ సదస్సుకు వచ్చింది సుమారు 200 మంది. అంత చిన్న సభలోనూ గొడవే. రాజకీయ విభేదాలతో ఒక వర్గానికి చెందిన ఆరుగురిని గుమ్మం దగ్గరే ఆపేశారు. అభిమానుల మధ్య కొట్లాటలు సోషల్ మీడియా తెచ్చిన జబ్బు అనేవాళ్లు ఈ సంగతి చూడాలి.

ఒక ఫ్యాన్‌జైన్ బయటికి రావాలంటే ఎంత పని! టైప్‌రైటర్ మీద స్టెన్సిల్ కొట్టాలి. తప్పు పడితే కరెక్షన్ ద్రవం పూసి, ఆరాక మళ్లీ కొట్టాలి. సైక్లోస్టైల్ మిషన్ హ్యాండిల్ తిప్పుతూ ఒక్కో పేజీకి వందల కాపీలు తీయాలి. తర్వాత పేజీల దొంతరలు పెద్ద బల్ల మీద వరుసగా పేర్చి, స్నేహితులంతా బల్ల చుట్టూ తిరుగుతూ ఒక్కో కాగితం అందుకుని, చివర్లో స్టేపుల్ కొట్టి, కవర్ల మీద అడ్రసులు రాసి పోస్టు చేయాలి. పెట్టే ధర కాగితానికి, పోస్టుకు సరిపోతే చాలు, లాభం చూసుకోకూడదన్నది రాయని నియమం. మీ కథ మీద అభిప్రాయం తర్వాతి సంచికలో, ఒక్కోసారి ఆరు నెలలకు, అచ్చయ్యేది. ఆ నిదానమే మనుషుల్ని పదేళ్లు, ఇరవై ఏళ్లు కట్టిపడేసిందని నాకనిపిస్తుంది. జవాబు రావడానికే ఆరు నెలలు పట్టే చోట ఎవరూ వారానికి విసిగి వెళ్లిపోరు.

ఈ ఉత్తరాల యంత్రాంగం బలం ప్రపంచానికి 'స్టార్ ట్రెక్'తో తెలిసింది. 1966 సెప్టెంబర్‌లో ఎన్‌బీసీ ఛానల్‌లో మొదలైన ఆ సీరియల్‌ను రెండో సీజన్‌తో ఆపేస్తారని వినిపించింది. బిజో ట్రింబుల్, జాన్ ట్రింబుల్ దంపతులు ఉద్యమం లేవదీశారు. ప్రతి ఒక్కరూ ఇంకో పదిమందితో రాయించాలి, ఆ పదిమందీ మళ్లీ తలా పదిమందితో రాయించాలి అన్నది వాళ్ల సూత్రం. లక్షకు పైగా ఉత్తరాలు వచ్చాయని ఛానల్ లెక్క చెప్పింది. అభిమానుల లెక్క అంతకంటే చాలా పెద్దది. 1968 మార్చి 1న ఎపిసోడ్ అయిపోగానే, సీరియల్ కొనసాగుతుందని టీవీలోనే ప్రకటించారు.

మూడో సీజన్‌ను శుక్రవారం రాత్రి పదింటికి తోసేశారు. చూడాల్సిన కుర్రవాళ్లు ఇంట్లో ఉండని సమయం అది. 1969లో ఆపేశారు. అయితే ఆ మూడో సీజన్ పుణ్యాన మొత్తం 79 ఎపిసోడ్లు తయారయ్యాయి. స్థానిక స్టేషన్లు రోజూ తిరిగి వేసుకోవడానికి సరిపడా సరుకు అది. కొత్త ప్రేక్షకులు అలా పుట్టారు. 1972 జనవరిలో న్యూయార్క్‌లో అభిమానులే జరుపుకున్న సదస్సుకు కొన్ని వందల మంది వస్తారనుకుంటే మూడు వేల మందికి పైగా వచ్చారు. 1976లో, మళ్లీ ఉత్తరాల ఒత్తిడితోనే, అమెరికా మొదటి స్పేస్ షటిల్‌కు సీరియల్‌లోని నౌక పేరు 'ఎంటర్‌ప్రైజ్' పెట్టారు.

వీటన్నిటి వెనకా పెద్ద సంఖ్యలో పనిచేసింది ఆడవాళ్లు. 1967లో వచ్చిన మొదటి స్టార్ ట్రెక్ ఫ్యాన్‌జైన్ 'స్పాకనేలియా'ను నడిపింది ఆడవాళ్లే. పాత్రల స్నేహాల గురించి, ప్రేమల గురించి, సీరియల్ చూపించని లోపలి జీవితం గురించి వాళ్లు వేల పేజీలు రాశారు. చాలాకాలం ఆ పనిని ఎవరూ సాహిత్యంగా లెక్కచేయలేదు. 1992లో హెన్రీ జెంకిన్స్, కెమిల్ బేకన్-స్మిత్ వేర్వేరుగా రాసిన పరిశోధన గ్రంథాలు వచ్చాకే విశ్వవిద్యాలయాలు అటు చూశాయి. జపాన్‌లో ఇదే కాలంలో ఇంకో దారి పడింది. 1975 డిసెంబర్‌లో టోక్యోలో 32 బృందాలతో, సుమారు 700 మందితో మొదలైన 'కామికెట్' అనే సంత, అభిమానులు సొంతంగా వేసుకున్న కామిక్స్ అమ్ముకునే చోటు, 2019 నాటికి ఒక్క విడతకు ఏడు లక్షల మందిని దాటింది.

ఫ్యాన్‌జైన్ లోకానికి ఒక లోటు ఉండేది. ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లకపోతే అలాంటి లోకం ఉందనే తెలియదు. ఇంటర్నెట్ ఆ గోడ పడగొట్టింది. 1993లో 'ది ఎక్స్-ఫైల్స్' మొదలయ్యాక ఎపిసోడ్ అయిన గంటలోపే యూజ్‌నెట్ అనే తొలినాటి ఇంటర్నెట్ చర్చావేదికలో చర్చ రాజుకునేది. 1998లో ఫ్యాన్‌ఫిక్షన్.నెట్ వచ్చింది. స్టెన్సిల్ లేదు, పోస్టు ఖర్చు లేదు, ఎడిటర్ ఒప్పుకోవాల్సిన పని లేదు. పదమూడేళ్ల పిల్ల రాత్రి రాసింది పొద్దున్నకల్లా ఇంకో ఖండంలో చదివేవాళ్లు. నా లెక్కలో ఇది పెద్ద విముక్తి. పాత రోజులే బాగుండేవనే మాటతో నేను ఏకీభవించను.

కానీ ఈ కొత్త ఇళ్లన్నీ అద్దె ఇళ్లు. సైక్లోస్టైల్ మిషన్ అభిమానిది, సర్వర్ మాత్రం కంపెనీది. 2000 చివర్లో వార్నర్ బ్రదర్స్ హ్యారీ పోటర్ పేరుతో సైట్లు పెట్టుకున్న పిల్లలకు లీగల్ నోటీసులు పంపింది. పిల్లలు బాయ్‌కాట్‌కు దిగాక తగ్గింది. 2002లో ఫ్యాన్‌ఫిక్షన్.నెట్ పెద్దల కథలన్నీ ఒక్కసారిగా తీసేసింది. 2007 మేలో లైవ్‌జర్నల్ అనే బ్లాగుల సైట్ వందల ఖాతాలు మూసేసింది. వాటిలో లైంగిక హింసను తట్టుకుని బతికినవాళ్ల సహాయ బృందాలు కూడా ఉన్నాయి. తర్వాత తప్పు ఒప్పుకుని చాలావాటిని తిరిగి తెరిచింది. నమ్మకం మాత్రం తిరిగి రాలేదు. అదే ఏడాది ఫ్యాన్‌లిబ్ అనే కంపెనీ, అభిమానులు ఉచితంగా రాసే కథలతో వ్యాపారం చేయాలని చూసింది.

ఆ కోపంలోంచే 'సర్వర్లు మనవే కావాలి' అన్న మాట వచ్చింది. 2007లో లాభాపేక్ష లేని సంస్థ ఒకటి పెట్టుకుని, 2009 నవంబర్‌లో 'ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్' తెరిచారు. ప్రకటనలు లేవు. విరాళాలతో, వాలంటీర్ల శ్రమతో నడుస్తుంది. ఇప్పుడు అందులో కోటికి పైగా రచనలున్నాయి. 2019లో దానికి హ్యూగో అవార్డు వచ్చింది. అంతకు ఎనభై ఏళ్ల ముందు 200 మందితో మొదలైన ఆ ప్రపంచ సైన్స్ ఫిక్షన్ సదస్సే ఇచ్చే అవార్డు అది. చదువుతుంటే గర్వంగా ఉంటుంది.

అయితే జనం ఎక్కువగా ఉన్నది ఇంకా అద్దె ఇళ్లలోనే. అక్కడ కంపెనీ కొలిచేది ఒక్కటే: ఎంతసేపు, ఎంతమంది. నిర్మాతలకు కూడా ఆ లెక్కలే కావాలి. 2013లో 90 వేల మందికి పైగా అభిమానులు జనం నుంచి డబ్బు పోగుచేసే సైట్ కిక్‌స్టార్టర్‌లో 57 లక్షల డాలర్లు పోగుచేసి 'వెరోనికా మార్స్' సినిమా తీయించుకున్నారు. 2021లో దర్శకుడు జాక్ స్నైడర్ తన 'జస్టిస్ లీగ్' సినిమాను తిరిగి కూర్చడం వెనకా అభిమానుల ప్రచారమే ఉంది. ఇదే బలం మనుషుల మీదికి మళ్లిన రోజులూ ఉన్నాయి. 'స్టార్ వార్స్' నటి కెల్లీ మేరీ ట్రాన్ వేధింపులు భరించలేక 2018లో ఇన్‌స్టాగ్రామ్ పోస్టులన్నీ తీసేసింది. లేడీ బ్రాడ్‌షా కూడా రచయితతో పోట్లాడింది. ఆ పోట్లాట ఇద్దరి మధ్య ఉత్తరాల్లో నడిచింది. వేల మంది ఒక్క రోజులో ఒక్క మనిషి ఫోన్‌లోకి చొరబడటం వేరు.

ఎదురుచూపు కూడా తగ్గింది. 2013లో నెట్‌ఫ్లిక్స్ 'హౌస్ ఆఫ్ కార్డ్స్' 13 ఎపిసోడ్లూ ఒకేసారి వదిలాక అది అలవాటైంది. వారం వారం ఊహలు అల్లుకునే ఖాళీ లేకపోతే మాట్లాడుకోవడానికి మిగిలేది తక్కువ. వారానికో ఎపిసోడ్ పద్ధతి కొంత తిరిగి వచ్చిందంటే అభిమానుల చర్చ విలువ కంపెనీలకూ తెలిసిందనే అనుకోవాలి.

ఇప్పుడు చాలా చర్చ డిస్‌కార్డ్ చాట్ యాప్ లాంటి మూసిన గదుల్లోకి వెళ్లింది. బయటి వేధింపుల నుంచి కాపాడుకోవడానికి అది అవసరమే. కానీ అక్కడి మాటలు సెర్చ్‌లో దొరకవు, సర్వర్ పెట్టినవాళ్లు తీసేస్తే అన్నీ పోతాయి. 1970ల ఫ్యాన్‌జైన్‌లు అయోవా విశ్వవిద్యాలయం లైబ్రరీలో భద్రంగా ఉన్నాయి. మూతపడే పాత సైట్లలోని కథలను 'ఓపెన్ డోర్స్' అనే ప్రాజెక్టు ఆర్కైవ్‌లోకి తెస్తోంది. మూసిన గదులకు ఇలాంటి ఏర్పాటు లేదు. ఏర్పాటు చేయాలన్నా అడ్డం వచ్చేది సాంకేతికత ఒక్కటే కాదు: నలుగురు స్నేహితుల మధ్య రాసుకున్నదాన్ని భద్రపరిచే హక్కు ఎవరికుంది? 300 కాపీల ఫ్యాన్‌జైన్‌లో సొంత పేరుతో రాసి, అది ఎప్పటికైనా నెట్‌లోకి వస్తుందని ఊహించనివాళ్లు తమ కథలు తీసేయమని అడిగితే తీసేయాలనే నా అభిప్రాయం, చరిత్రకు కొంత నష్టమైనా సరే.